ఫ్రీసివ్: కావలి మిత్రుడి క్లయింట్ మీ సర్వర్‌కి ఎందుకు కలవడం లేదంటే

అబ్బయా, నెల్లూరులో మీరు ఫ్రీసివ్ అనే ఉచిత నాగరికతల వ్యూహ ఆటకి, గిట్ మెయిన్ బ్రాంచ్‌తో (ఇంకా విడుదల కాని, రోజూ మారే కోడ్‌తో) సర్వర్ కంపైల్ చేశారు. కావలిలో మీ స్నేహితుడు విడుదలైన 3.1 క్లయింట్ (ఆడేవాళ్లు వేసుకునే ప్రోగ్రాం) వేసుకున్నాడు. కలవడం లేదని రౌటర్‌లో 5556 పోర్టు తెరిచి, మూసి, మళ్లీ తెరిచారు. పాపం, రౌటర్ తప్పేమీ లేదు.

సోర్సులో ఎఫ్‌సీ_వెర్షన్ అనే ఫైల్ తెరిచి, నెట్‌వర్క్_క్యాప్‌స్ట్రింగ్ అన్న వరుస చూడండి. సర్వర్, క్లయింట్ ఒకదానికొకటి సరిపోతాయా అని పోల్చుకునే మాటలు అందులో ఉంటాయి. వాటిలో ప్లస్ గుర్తుతో మొదలయ్యే మాట రెండు వైపులా ఉండి తీరాలి, లేదంటే సర్వర్ లోపలికి రానివ్వదు. మెయిన్‌లో సర్వర్, క్లయింట్ పంపుకునే ప్యాకెట్ల తీరు మారినప్పుడల్లా ఆట కోడ్ రాసే వాలంటీర్లు ఆ మాటను మారుస్తుంటారు. ఆ ప్లస్ తీసేస్తే పోలా అనుకోకండి. నేనూ ఒకసారి అదే తెలివి చూపించాను. కనెక్ట్ అయినట్టే అయి, ప్యాకెట్లు అర్థంకాక ఆట మధ్యలోనే తెగిపోయింది.

3.1 విడుదలల కోడ్ ఉండే ఎస్3_1 బ్రాంచ్‌ను గిట్ వర్క్‌ట్రీతో వేరే ఫోల్డర్‌లోకి తెచ్చుకుని, సర్వర్ అక్కడ కంపైల్ చేయండి. మీ ప్యాచ్ పని మెయిన్‌లో అలాగే ఉంటుంది, ఆదివారం ఆటా ఆగదు. డెన్మార్క్‌లో ముగ్గురు విద్యార్థులు మొదలుపెట్టి 1996లో విడుదల చేసిన ఆట ఇది, పాత బ్రాంచ్‌లకూ ఇంకా మరమ్మతులు చేస్తూనే ఉంటారు.

అప్పటికీ రాకపోతే సర్వర్ లాగ్‌లో చివరి పది వరుసలు ఇక్కడ పెట్టండి.