ఆ 64 కిలోల లెక్క ఎవరిది?

నా వయసు 36. మాది హన్మకొండ. ఇద్దరు పిల్లలు. మాఘమాసంలో మా ఆడపడుచు పెళ్లి, ఇంకా మూడు నెలలుంది. ‘ఫొటోల్లో నా పక్కనే ఉంటవు కదా వదినా, జర తగ్గు’ అన్నది. అప్పుడు 84 కిలోలున్నా. పెళ్లినాటికి 64కి రావాలని పట్టుబట్టాను. అది నా పెళ్లప్పటి బరువు. రాత్రి తిండి మానేసి, పొద్దున నడక మొదలుపెట్టాను. రెండు నెలల్లో 5 కిలోలు తగ్గాను. మూడు వారాలుగా 79 దగ్గరే ఆగిపోయింది. రోజూ లేవగానే మిషను ఎక్కడం, ఏడవడం. ‘ఇంకెన్నాళ్లు?’ అని మావారు నవ్వుతారు. షుగర్ బోర్డర్‌లో ఉందని డాక్టర్ చెప్పారు. అన్నీ మానేయాలనిపిస్తోంది. – ఒక సోదరి

అమ్మా, 84లో 5 కిలోలంటే దాదాపు 6 శాతం. బోర్డర్‌లో ఉన్న షుగర్, బీపీ, రక్తంలో కొవ్వు మెరుగుపడటానికి బరువులో 5 శాతం తగ్గినా ఫలితం ఉంటుంది. అంటే మొదటి మజిలీ మీరు దాటేశారు. 64 మీదే చూపు పెట్టుకోవడం వల్ల అది మీకు కనపడలేదు.

ఆ 64 సంగతి కూడా మాట్లాడుకుందాం. పెళ్లినాటి ఒంటికీ, ఇద్దరు పిల్లల్ని కన్న తర్వాతి ఒంటికీ ఒకే అంకె ఎందుకుండాలి? గడువేమో ఆడపడుచుది, వెక్కిరింత మీవారిది. ఇందులో మీరు మీకోసం పెట్టుకున్నదేదీ నాకు కనిపించలేదు. పైగా వారానికి అరకిలో నుంచి కిలో దాకా తగ్గడమే క్షేమం. మూడు నెలల్లో మరో 15 కిలోలంటే ఒంటిని హింసపెట్టడమే. ఐదారు కిలోలు తగ్గితే చాలా బాగా చేసినట్టు.

బరువు ఆగిపోవడం మీ తప్పు కాదు. మొదట్లో చకచకా తగ్గినదాంట్లో నీరు కూడా ఉంటుంది. ఒళ్లు తగ్గేకొద్దీ దానికి కావలసిన శక్తీ తగ్గుతుంది కాబట్టి వేగం మందగిస్తుంది. నెలసరి ముందు, ఆవకాయో అప్పడాలో గట్టిగా తిన్న మర్నాడు ఒంట్లో నీరు నిలిచి కిలో వరకూ ఎక్కువ చూపించవచ్చు. దానికోసం రోజూ ఏడవడమా? వారానికి ఒక్కరోజు, పరగడుపున చూసుకోండి. మిగతా రోజులు మిషను మంచం కిందే ఉండనివ్వండి.

ఇక మీ సొంత మజిలీలు. టైలరు టేపుతో నడుము కొలత నెలకోసారి రాసుకోండి. మన ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు దాటకూడదంటారు. దూరమనిపిస్తే ముందు రెండు సెంటీమీటర్లు తగ్గడమే గురిగా పెట్టుకోండి. మూడో అంతస్తు దాకా ఆగకుండా మెట్లెక్కగలగడం ఇంకొకటి. హెచ్‌బీఏ1సీ గత రెండు మూడు నెలల షుగర్ తీరు చెబుతుంది కాబట్టి డాక్టర్ని అడిగి ఇప్పుడోసారి చేయించుకోండి, అలసట ఎక్కువగా ఉంటే థైరాయిడ్ కూడా. ఒక మజిలీ దాటితే మీకు మీరే ఏదైనా కొనిచ్చుకోండి. మంచి నడక బూట్లు కొనుక్కోండి, బిర్యానీ మాత్రం బహుమానం కాకూడదు. తినాలనిపిస్తే మామూలుగానే తినండి, దానికో ఘనకార్యం అక్కర్లేదు.

రాత్రి తిండి మానడం నాకు నచ్చలేదు. అలా మానేసినవాళ్లు పదకొండింటికి వంటింట్లోకి వెళ్లి పిల్లలు వదిలేసిన అన్నమో, డబ్బాలో సకినాలో తినడం చాలా చూశాను. ఎనిమిదింటికల్లా రెండు జొన్న రొట్టెలు, పప్పు, కూర తినండి. లేదా కొంచెం అన్నం, గుడ్డు. నడకతోపాటు వారంలో రెండు రోజులు కండరాలకు పని చెప్పే వ్యాయామం చేర్చండి.

మీవారితో నవ్వులాటలో కాదు, కూర్చోబెట్టి చెప్పండి: ‘మీరు ఇంకెన్నాళ్లని అడిగిన రోజు నాకు అన్నం సహించట్లేదు. అడగకండి. వీలైతే పొద్దున నాతో నడవండి.’ ఆయన ఊహించనంత తేలిగ్గా ఒప్పుకోవచ్చు. చాలామంది మగవాళ్లు తమ ఎగతాళి ఎంత లోతుగా తగులుతుందో ఎరగరు, ఎవరో ఒకరు చెప్పేదాకా. అయినా రోజూ ఏడుపు ఆగకపోయినా, తిన్నది కక్కేయాలనిపించినా ఆలస్యం చేయకుండా మానసిక నిపుణులను కలవండి.

పెళ్లి జాకెట్లు ఈ వారమే, ఇప్పటి కొలతలకే కుట్టించుకోండి. తగ్గితే పక్క కుట్లు వేయించుకోవడం ఎంతసేపు?