నానమ్మను బడికి పిలవాల్సింది మీవారే

ప్రశ్న: మేము హైదరాబాద్‌లో ఉంటాం. బాబు రెండో తరగతి. ఇంటి సంప్రదాయాల గురించి పిల్లలకు చెప్పడానికి తాతయ్యల్లో, అమ్మమ్మ, నానమ్మల్లో ఒకరిని పంపమని బడి నుంచి కబురు వచ్చింది. బాబు నానమ్మే రావాలంటున్నాడు. మా అత్తగారు పోచంపల్లి దగ్గర పల్లెలో ఏళ్ల తరబడి ఆసు పోశారు, అంటే చీర నేతకు ముందు మేకుల చుట్టూ దారం తిప్పే పని చేశారు. ‘చదువు రానిదాన్ని, నేనెందుకు’ అంటున్నారు. ఇంగ్లీషు బాగా మాట్లాడతారని మావారు మా నాన్నగారిని పంపుదామంటున్నారు. నేను పట్టుబడితే తల్లీకొడుకుల మధ్య దూరినట్టవుతుందా?
– ఒక సోదరి

జవాబు: అమ్మా, మీ అత్తగారు చదువు రాకే వెనకాడుతున్నారని నేననుకోను. కొడుకు వియ్యంకుడి పేరు చెప్పిన సంగతి ఆమె చెవిన పడే ఉంటుంది. తన మాటతీరు కొడుక్కి చిన్నతనమేమోనన్న అనుమానం వస్తే ఏ తల్లయినా ‘నేనెందుకులే’ అనే అంటుంది. అందుకే పిలుపు మీవారి నోట రావాలి. ఆయనతో ఒంటరిగా మాట్లాడండి, తప్పు మాత్రం పట్టకండి. తన చదువు ఏ కష్టం మీద సాగిందో ఆయనకు తెలియనిది కాదు.

ఒక్క చీరకు ఆసు పోయాలంటే మేకుల చుట్టూ దారం తిప్పుతూ చేయి దాదాపు 9,000 సార్లు ఆడించాలి. తల్లి భుజం నొప్పి చూడలేకే చింతకింది మల్లేశం 1999లో ఆసు యంత్రం తయారుచేసి, దానికి ఆమె పేరే పెట్టారు. 2017లో పద్మశ్రీ అందుకున్నారు. మీ అత్తగారి భుజం ఎలా ఉందో మీవారు ఎన్నడైనా అడిగారా? ముందు అది అడగమనండి. బడి మాట ఆ తరువాత తనంతట తానే వస్తుంది.

ఇంగ్లీషు గురించి బెంగ వద్దు. 2018 చట్టంతో తెలంగాణలోని బడులన్నిటిలో తెలుగును దశలవారీగా తప్పనిసరి చేశారు. ఇంట్లో ఉర్దూ, హిందీ మాట్లాడే పిల్లలూ తెలుగు నేర్చుకుంటున్నారు. అర్థం కాని మాట ఉంటే టీచరు విడమరిచి చెబుతారు. టీచరుతో ముందే ఒక మాట అనుకోండి.

ఏడేళ్ల పిల్లల ముందు ఎవరి ఉపన్యాసమైనా నిలవదు. తెల్ల చేతిరుమాలుకు అక్కడక్కడ దారం బిగించి, రంగులో ముంచి, ఆరబెట్టి, ముడులు విప్పకుండా అత్తగారి చేతికివ్వండి. తరగతిలో పిల్లలతోనే విప్పించమనండి. కట్టిన చోట తెల్లగా పువ్వు బయటపడితే ప్రశ్నలు వాళ్లే వేస్తారు, జవాబులన్నీ ఆమెకు తెలిసినవే. చీరలో ఇదే పని దారాల మీద, నేయకముందే చేస్తారని ఆమె చూపిస్తే చాలు.

మీ నాన్నగారికి మీరే ఫోను చేసి విషయం చెప్పండి. మాటసాయానికి తోడు వస్తానన్నా వద్దనండి. వియ్యంకుడు పక్కనుంటే ఆమె నోరు మెదపరు.

ఇంత చేసినా ఆమె వద్దంటే బలవంతపెట్టకండి. నలుగురిలో మాట్లాడటం ఇష్టం లేకపోవడం ఆమె హక్కు. అప్పుడు రుమాలు ఎలా కట్టాలో బాబుకు ఇంట్లో నేర్పమని అడగండి. బడిలో వాడే చూపిస్తాడు, మీ నాన్నగారు పక్కన ఉంటారు.