అక్కా, ఒక మాట: కొట్లో చెప్పే మాట, ఫోన్‌లో రాసే మాట

ప్రశ్న: అక్కా, గుంటూరులో ఒక బట్టల షోరూంలో ఆరేళ్లుగా చీరల సెక్షన్‌లో పని చేస్తున్నాను. మధ్యాహ్నం అన్నం తిన్నాక దొరికే కాస్త టైంలో ఒక బైబిల్ వాక్యం, కొట్లో జరిగిన ఒక సంగతి కలిపి ఫేస్‌బుక్‌లో రాస్తుంటాను. మొన్న పెళ్లి చీరలకని వచ్చి మూడు గంటలు చూసి ఒక్కటీ కొనకుండా వెళ్లిన ఒక కుటుంబం గురించి ‘ఓర్పు’ అని పేరు పెట్టి రాశాను. ఆ ఇంటావిడ మా చర్చి సంఘంలోనే ఉంటుందని నాకు తెలియదు. చదివి, “ప్రార్థన చేసుకునే పిల్లవి, మమ్మల్ని ఇలా నలుగురిలో పెడతావా” అంది. వెంటనే తీసేశాను. ఇంకోటి కూడా ఉంది. పాత స్టాకు అమ్మితే ఇన్సెంటివ్ ఇస్తారు, రంగు పోదని చెప్పమంటారు. పొద్దున అలా చెప్పి మధ్యాహ్నం దేవుడి గురించి రాయడానికి చెయ్యి రావట్లేదు. రాయడం మానెయ్యనా?
– ఒక సోదరి, గుంటూరు

జవాబు: చెల్లీ, ‘ఇంకోటి కూడా ఉంది’ అని చివర్లో రాశావు చూడు, దానితోనే మొదలుపెడతాను, నీ మనసులో బరువంతా అక్కడే ఉన్నట్టుంది.

నేను తెనాలిలో ఒక బట్టల కొట్లో పద్నాలుగేళ్లు పని చేశాను. ఒకరోజు పల్లెటూరి నుంచి ఒకావిడ కూతురి నిశ్చితార్థానికి చీర కొనడానికి వచ్చింది. పసుపు చీర, మెరూన్ అంచు, చాలా రోజులుగా అల్మరాలో పడి ఉన్న పీసు. “రంగు పోతుందా అమ్మా” అని రెండుసార్లు అడిగింది. పోదు, నాది పూచీ అన్నాను. కొంగు ముడి విప్పి నోట్లు ఒక్కొక్కటే లెక్కపెట్టి ఇచ్చింది. మళ్లీ వచ్చేటప్పటికి మెరూన్ రంగు పసుపులోకి పాకి చీరంతా మరకలు. అరవలేదు. “నువ్వు చెప్పావనే కొన్నానమ్మా” అంది, అంతే. వెనక్కి తీసుకోవడం కుదరదని ఓనరు చెప్తే చీర మడిచి సంచిలో పెట్టుకుని వెళ్లిపోయింది. ఆ రాత్రి నాకు ప్రార్థన నోట రాలేదు.

మర్నాటి నుంచి నా కౌంటర్ సొరుగులో ఒక తెల్ల రుమాలు పెట్టుకున్నాను. ఎవరైనా రంగు గురించి అడిగితే రుమాలు తడిపి, అంచు మీద గట్టిగా రుద్ది, వాళ్ల ముందే చూపించేదాన్ని. రంగు అంటితే, దీన్ని డ్రై క్లీనింగ్‌కే ఇవ్వాలమ్మా అని చెప్పేదాన్ని. కొంతమంది అయినా కొన్నారు, కొంతమంది వెళ్లిపోయారు. ఇన్సెంటివ్ తగ్గింది, ఆ నెల అద్దె కట్టడానికి ఇబ్బంది పడ్డాం, అది నీ దగ్గర దాచను. ఓనరు రెండు రోజులు ముఖం మాడ్చుకున్నాడు గానీ పని నుంచి తీసెయ్యలేదు. దొంగత్రాసు దేవుడికి అసహ్యమని బైబిల్లో సామెతల గ్రంథం 11వ అధ్యాయం మొదటి వచనంలోనే ఉంది కదా. చీరల కొట్లో త్రాసు ఉండదు, మన నోటి మాటే త్రాసు. నువ్వూ ఒక రుమాలు పెట్టుకో. అప్పుడు మధ్యాహ్నం రాయడానికి చెయ్యి దానంతటదే వస్తుంది.

రాయడం మానొద్దు. కానీ కస్టమర్ గురించి రాయడం మాను. కొట్లో మన ముందు వాళ్లు డబ్బు లెక్కపెట్టుకుంటారు, భర్తతో గొడవపడతారు, అత్తగారికి భయపడి నచ్చిన చీర పక్కన పెట్టేస్తారు. కౌంటర్ అవతల ఉన్నాం కాబట్టి మనకు కనబడేవి అవి. పేరు రాయకపోయినా మనలాంటి ఊళ్లలో పెళ్లి, మూడు గంటలు అంటే చాలు, ఎవరో తెలిసిపోతుంది. పైగా ‘ఓర్పు’ అని పేరు పెట్టావు, ఓర్పు నీది, తప్పు వాళ్లది అన్నట్టే కదా. కొనకుండా వెళ్లడం తప్పు కాదమ్మా. ఈ ఆదివారం ఆవిడ దగ్గరికి నువ్వే వెళ్లి ముఖాముఖి క్షమాపణ అడుగు, అడిగిన సంగతి మళ్లీ పోస్టు చెయ్యకు.

మరి ఏం రాయాలి అంటావేమో. నీ గురించి రాయి. సాయంత్రానికి వాచిపోయే నీ పాదాల గురించి రాయి. కోళికోడ్‌లో బట్టల కొట్లలో పనిచేసే ఆడవాళ్లు రోజంతా నిలబడలేకపోతున్నామని నోరు విప్పి పోరాడారు, 2018లో కేరళ చట్టం మార్చి కూర్చునే ఏర్పాటు తప్పనిసరి చేసింది, 2021లో తమిళనాడు కూడా చేసింది. వాళ్లు చెప్పకపోతే ఆ నొప్పి ఎవరికి తెలిసేది? లూదియ గురించి రాయి. అపొస్తలుల కార్యములు 16వ అధ్యాయంలో ఉంటుంది, ఫిలిప్పీ పట్టణంలో ఊదారంగు అమ్ముకునే ఆవిడ, మనలాగే బేరాలు చూసిన మనిషి. విశ్రాంతిదినాన నది ఒడ్డున కూర్చుని అపొస్తలుడైన పౌలు మాట వింది, తర్వాత ఆయన్నీ ఆయనతో ఉన్నవాళ్లనీ బతిమాలి తన ఇంటికే తీసుకెళ్లింది. నాకు బైబిల్లో ఆవిడంటే చాలా ఇష్టం.

ప్రశ్న: సూపర్ మార్కెట్‌లో బిల్లింగ్ చేస్తాను. వీక్లీ ఆఫ్ మంగళవారం. ఆదివారం మందిరానికి రావట్లేదని సంఘంలో మాట అంటున్నారు, చాలా టెన్షన్‌గా ఉంది.
– ఒక సోదరుడు, ఖమ్మం

జవాబు: తమ్ముడూ, 1988 నాటి షాపుల చట్టం ప్రకారం వారానికి ఒక రోజు జీతం కోయకుండా సెలవు ఇవ్వాలి, అది ఆదివారమే కావాలని పట్టుబట్టలేం. అందుకని నెలకు ఒక్క ఆదివారం, సంస్కారపు ఆరాధన (రొట్టె, ద్రాక్షరసం తీసుకునేది) ఉన్న రోజు, మధ్యాహ్నం షిఫ్టు అడుగు. అడిగే ముందు దసరాకో రంజాన్‌కో తోటివాళ్ల డ్యూటీ నువ్వు చేస్తానని చెప్పు, అప్పుడు మేనేజర్‌కి కాదనడం కష్టం. మీ ఊళ్లో తెల్లవారుజామున ఆరాధన పెట్టే సంఘం ఏదైనా ఉందేమో చూడు. విశ్రాంతిదినం మనిషి కోసమే గాని మనిషి దాని కోసం కాదని యేసుప్రభువే అన్నాడు, మార్కు 2వ అధ్యాయం, ఆ మాట గుండెలో పెట్టుకో. నువ్వు రాలేని కారణం బహుశా సంఘంలో ఎవరికీ సరిగ్గా తెలియదు. ఎవరి ద్వారానో చెప్పించకుండా వచ్చే మంగళవారం నువ్వే పాస్టర్ గారింటికి వెళ్లు, నీ షిఫ్టు కాగితం చూపించు, ఆయనతో కలిసి ప్రార్థన చేసుకుని రా.