మిర్చి గోదాములో ఏం తొడగాలి?

ప్రశ్న: మాకు మిర్చి గోదాము ఉంది. హమాలీలకు, ఫోర్క్‌లిఫ్ట్ నడిపేవారికి ఒకే రకం రక్షణ కిట్లు ఇస్తానని దుకాణదారు చెబుతున్నారు. తీసుకోవచ్చా?
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: తీసుకోకండి. ప్రమాదం ఎక్కడ ఏ రూపంలో ఉందో చూసి, దానికి తగినదే కొనాలి. మీ గోదాములో మొదటి శత్రువు ఘాటు. బస్తా దించిన ప్రతిసారీ లేచే మిర్చి ధూళిని తువాలుగానీ, పల్చని సర్జికల్ మాస్కుగానీ ఆపలేవు. ఐఎస్ 9473 (ఐఎస్ అంటే భారతీయ ప్రమాణం) గుర్తున్న, సన్నటి ధూళిని వడకట్టే ఎఫ్‌ఎఫ్‌పీ2 రకం మాస్కు ముక్కు దగ్గర, చెంపల దగ్గర సందు లేకుండా అతుక్కోవాలి, గడ్డం ఉంటే అలా అతుక్కోదు. కళ్లకు పక్కలు మూసుకున్న కళ్లజోడు ఇవ్వండి.

బూట్లకు ఐఎస్ 15298 చూడండి. వేళ్ల మీది టోపీ 200 జూల్‌ల (శక్తి కొలమానం) దెబ్బకు తట్టుకోవాలి. శీతల గిడ్డంగిలోనూ పని ఉంటే ఉక్కు టోపీకి బదులు కాంపోజిట్ (లోహం కాని మిశ్రమ పదార్థపు) రకం మేలు, ఉక్కు త్వరగా చల్లబడుతుంది. బస్తాలను ఎత్తుగా నెట్టు కట్టే (ఒకదానిపై ఒకటి పేర్చే) చోట ఐఎస్ 2925 హెల్మెట్, ఫోర్క్‌లిఫ్ట్ తిరిగే దారిలో మెరిసే పట్టీల జాకెట్ అవసరం.

దుస్తులు ఒంటికి పట్టిన నిండు చేతుల నూలువి చాలు. కన్వేయర్ బెల్టు దగ్గర మాత్రం మెడలో తువాలు, వదులు లుంగీ, చేతి తొడుగులు అసలే వద్దు. ఈ ఖర్చును కూలీలో కోయకండి, అది యజమాని భరించవలసినదే.