టెక్ సందేహాలు: చార్ట్‌లో దేని మీద ఏది?

ఈ వారం ఎంచుకున్న మూడు ప్రశ్నలూ పైథాన్ ప్రోగ్రామింగ్ భాషలో చార్ట్‌లు గీసే మాట్‌ప్లాట్‌లిబ్ లైబ్రరీకి, అందులోని లేయర్ల వరుసకు సంబంధించినవి.

ప్రశ్న: నాగార్జునసాగర్ నీటిమట్టాన్నీ, ఎగువన కురిసిన వర్షపాతాన్నీ ఒకే చార్ట్‌లో చూపించాలనుకున్నాను. ముందు నీటిమట్టం గీత గీసి, ఆ తరువాత ట్విన్‌ఎక్స్‌తో కుడివైపు మరో స్కేలు తెచ్చి వర్షపాతాన్ని బార్లుగా గీశాను. బార్లు గీతను కప్పేస్తున్నాయి. గీతకు జెడ్‌ఆర్డర్ 100 ఇచ్చినా ఫలితం లేదు. – పరిశోధక విద్యార్థిని, నల్లగొండ

జవాబు: మీరు వెయ్యి ఇచ్చినా ఫలితం ఉండదు. మాట్‌ప్లాట్‌లిబ్ తాను గీసే ప్రతి వస్తువుకూ జెడ్‌ఆర్డర్ అనే సంఖ్యను కేటాయించి, చిన్న సంఖ్య ఉన్నవాటిని ముందు, పెద్ద సంఖ్య ఉన్నవాటిని తరువాత గీస్తుంది. మనం ప్రత్యేకంగా ఏమీ చెప్పకపోతే ఇమేజ్‌లకు 0, బార్ల వంటి ఆకారాలకు 1, గీతలకు 2, అక్షరాలకు 3, ఏ రంగు దేనిదో చెప్పే పట్టికకు, అంటే లెజెండ్‌కు 5 వర్తిస్తాయి. రెండు వస్తువుల సంఖ్య సమానంగా ఉన్నప్పుడే మీ కోడ్‌లో ఏది ముందు, ఏది తరువాత అన్నది లెక్కలోకి వస్తుంది. కాబట్టి రెండూ ఒకే యాక్సీస్‌లో, అంటే సొంత స్కేళ్లున్న ఒకే చార్ట్ చట్రంలో ఉంటే మీరు అసలేమీ చేయనక్కరలేకుండానే గీత బార్లపైన ఉండేది.

మీ చార్ట్‌లో ఉన్నది ఒక యాక్సీస్ కాదు, రెండు. ట్విన్‌ఎక్స్ అనగానే మొదటి యాక్సీస్ మీద, అదే కొలతలతో, సొంత నిలువు స్కేలుతో ఇంకొకటి ఏర్పడుతుంది. లైబ్రరీ ముందుగా ఒక యాక్సీస్‌లోని వస్తువులన్నిటినీ గీయడం ముగించి, ఆ తరువాతే రెండోదాన్ని మొదలుపెడుతుంది గనుక, ఒక వస్తువుకు మనమిచ్చే జెడ్‌ఆర్డర్ దాని సొంత యాక్సీస్ హద్దులు దాటి పనిచేయదు. కింది అంతస్తులోని బల్లను ఎంత పైకెత్తినా అది పై అంతస్తు నేలను దాటి రాదు కదా. యాక్సీస్‌లకు కూడా సొంత జెడ్‌ఆర్డర్ ఉంటుంది. అది రెండింటికీ 0 కావడంతో, తరువాత పుట్టిన వర్షపాతం యాక్సీస్ పైన చేరింది.

దీనికి తక్షణ పరిష్కారం నీటిమట్టం యాక్సీస్‌కే సెట్_జెడ్‌ఆర్డర్(1) అని చెప్పడం. అలా చెప్పిన వెంటనే బార్లు పూర్తిగా మాయమవుతాయి, కంగారు పడకండి. ట్విన్‌ఎక్స్ తాను పుట్టించిన రెండో యాక్సీస్ తెల్లని నేపథ్యాన్ని తానే దాచిపెడుతుంది గాని మొదటిదాని జోలికి పోదు; ఇప్పుడు పైకి వచ్చిన మొదటి యాక్సీస్ తన తెలుపుతో బార్లను మూసేసింది. అదే యాక్సీస్‌కు ప్యాచ్.సెట్_విజిబుల్(ఫాల్స్) అని మరో వరుస రాస్తే బార్లు తిరిగి కనిపిస్తాయి. నీటిమట్టం యాక్సీస్‌కు గ్రిడ్ (కొలతలు చూసుకునే అడ్డ, నిలువు గీతల వల) పెట్టి ఉంటే అది కూడా బార్ల మీదికి వస్తుందని గమనించండి.

నా మటుకు నేను ఈ సర్దుబాట్లేవీ అవసరం లేకుండా, మొదటి యాక్సీస్‌లో బార్లనే గీసి నీటిమట్టాన్ని ట్విన్‌ఎక్స్‌కు వదిలేస్తాను. నీటిమట్టం స్కేలు ఎడమవైపే ఉండాలనుకుంటే ఆ నిలువు అక్షానికి టిక్_లెఫ్ట్, వర్షపాతం అక్షానికి టిక్_రైట్ వాడవచ్చు. వాటి పేర్లను కూడా పక్క మార్చడానికి సెట్_లేబుల్_పొజిషన్ ఉంది. జలాశయం పూర్తి మట్టమైన 590 అడుగుల దగ్గర చుక్కల గీత పెట్టదలిస్తే దాన్ని నీటిమట్టం యాక్సీస్‌లోనే, నీటిమట్టం గీతకు ముందు రాయండి. రెండూ గీతలే కాబట్టి రెండింటికీ 2 వర్తిస్తుంది, తరువాత రాసినది పైన ఉంటుంది. లెజెండ్‌ను కింద ఉన్న బార్ల యాక్సీస్‌కు తగిలిస్తే దానికి ఎంత సంఖ్య ఉన్నా నీటిమట్టం గీత దాని మీదుగా పోతుంది. యాక్సీస్‌లన్నీ ఉండే మొత్తం బొమ్మకు, అంటే ఫిగర్‌కే లెజెండ్ పెడితే ఆ ఇబ్బంది ఉండదు.

ప్రశ్న: నా బార్ చార్ట్‌లో గ్రిడ్ గీతలు బార్ల మీదుగా అడ్డంగా పోతున్నాయి. బార్లకు జెడ్‌ఆర్డర్ 3 ఇవ్వమని ఒకరు చెప్పారు. అది సరైనదేనా? – ఉపాధ్యాయుడు, విజయనగరం

జవాబు: సమస్య తీరుతుంది గాని ఆ పద్ధతిని నేను సిఫారసు చేయను. రేపు అదే చార్ట్‌లో సగటును చూపే గీతను చేర్చితే, దానికి సహజంగా వచ్చే సంఖ్య 2 కాబట్టి అది బార్ల వెనక్కి పోతుంది. గ్రిడ్‌కు ముందే నిర్ణయించి ఉన్న స్థానం 1.5, అంటే బార్లకు పైన, గీతలకు కింద. సెట్_యాక్సిస్‌బిలో(ట్రూ) అని ఒక్క వరుస రాస్తే గ్రిడ్ 0.5కు దిగిపోతుంది, మిగతా వరుస చెక్కుచెదరదు.

ప్రశ్న: లక్షల చుక్కలున్న స్కాటర్ చార్ట్‌ను పీడీఎఫ్‌గా దాచుకుంటే ఫైలు తెరుచుకోవడానికే చాలాసేపు పడుతోంది. పీఎన్‌జీగా దాస్తే అక్షరాలు మసకబారుతున్నాయి. – సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, హైదరాబాద్

జవాబు: పీడీఎఫ్‌లో ప్రతి చుక్కనూ విడిగా గీయాల్సి రావడమే ఆలస్యానికి కారణం. చుక్కలను మాత్రం ఒకే బొమ్మగా మార్చి, అక్షరాలను అక్షరాలుగానే ఉంచే సౌకర్యం మాట్‌ప్లాట్‌లిబ్‌లో ఉంది. చుక్కలు ఒకే స్కాటర్‌లో ఉంటే దానికి రాస్టరైజ్డ్=ట్రూ అని చేర్చడం చాలు. ఇలాంటి బరువైన లేయర్లు చాలా ఉంటే వాటన్నిటికీ జెడ్‌ఆర్డర్ -1 ఇచ్చి, యాక్సీస్‌కు సెట్_రాస్టరైజేషన్_జెడ్‌ఆర్డర్(0) అని చెప్పండి. 0 కంటే తక్కువ సంఖ్య ఉన్నవన్నీ బొమ్మగా మారతాయి, శీర్షిక, స్కేలు అంకెలు ఎంత పెద్దవి చేసి చూసినా స్పష్టంగా ఉంటాయి. ఆ బొమ్మ నాణ్యతను నిర్ణయించేది ఫైలును దాచే సేవ్‌ఫిగ్‌లో మీరిచ్చే డీపీఐ, అంటే అంగుళానికి చుక్కల సంఖ్య. ముద్రణకు 300 ఇవ్వండి.