అంబాసిడర్‌కు ఎలక్ట్రిక్ ఫ్యాన్ సరే, ముందు డైనమో సంగతి చూడండి

మీరు అడిగింది: నాన్నగారి 1974 అంబాసిడర్ మార్క్ 2 ట్రాఫిక్‌లో వేడెక్కి నీళ్ళు పొంగిస్తోంది, ఇంజిన్ మీద ఉన్న ఇనుప ఫ్యాన్ తీసేసి మారుతి ఎలక్ట్రిక్ ఫ్యాన్ పెట్టిస్తే బాగుపడుతుందా అని. పెట్టించుకోవచ్చు. కానీ బండిలో కరెంటు పుట్టించడానికి ఇంకా పాత డైనమోనే ఉంటే ఇప్పుడే వద్దు. ముందు దాని బదులు ఎక్కువ కరెంటు ఇచ్చే ఆల్టర్నేటర్, ఆ తర్వాతే ఫ్యాన్. ఈ వరస తిరగేస్తే ఏమవుతుందో నేను కళ్ళారా చూశాను, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

అసలు ఒకటి ఆలోచించండి. ఇవే బళ్ళు రామగుండంలో, కొత్తగూడెంలో మే నెల ఎండలకు ఆఫీసర్లను, పెళ్ళి బృందాలను మోసుకుంటూ ఇనుప రెక్కల ఫ్యాన్‌తోనే తిరిగాయి. అప్పుడు పొంగని బండి ఇప్పుడు పొంగుతోందంటే తప్పు ఫ్యాన్‌ది కాదు. ఫ్యాన్ రెక్కలు అరిగిపోవు కదా! మధ్యలో ఇంకేదో పాడైంది. నూటికి తొంభై బళ్ళలో అది ఇంజిన్ నీళ్ళను చల్లబరిచే రేడియేటరే. మన ఊళ్ళలో బోరు నీళ్ళు పోసీ పోసీ లోపలి సన్నగొట్టాలకు తెల్లగా గార పట్టిస్తాం. బిందె అడుగున పట్టే గారే అదీను. కూలెంట్ కొనమంటే మాత్రం డబ్బు దండగ అంటారు.

పరీక్ష చాలా తేలిక. బండి బాగా వేడెక్కాక ఇంజిన్ ఆపేసి, రేడియేటర్ వెనకవైపు అరచేయి దగ్గరగా పెట్టి మెల్లగా జరపండి. మూత మాత్రం తియ్యకండి, మొహం కాలుతుంది. వేడి పై నుంచి కిందికి కొద్దికొద్దిగా తగ్గుతూ రావాలి. మధ్యలో ఎక్కడైనా చల్లటి మచ్చ తగిలిందంటే అక్కడి గొట్టాల్లోంచి నీళ్ళు పారడం లేదన్నమాట. దాని ముందు ఎంత పెద్ద ఫ్యాన్ పెట్టినా ఏం లాభం?

ఇక థర్మోస్టాట్. ఇంజిన్ తగినంత వేడెక్కేదాకా నీళ్ళను రేడియేటర్‌కు పోనివ్వకుండా ఆపే చిన్న తలుపన్నమాట. దీని గురించి మాట్లాడితే నాకు బీపీ పెరుగుతుంది. ఏ మెకానిక్ దగ్గరికి వెళ్ళినా మొదట చేసే పని దాన్ని పీకి అవతల పారేయడం. "మన ఎండలకి అది అక్కర్లేదు సార్" అంటాడు. మన అంబాసిడర్‌కు ఉన్న ఈ బీ సిరీస్ అనే ఇంగ్లీషు ఇంజిన్‌ను డిజైన్ చేసినవాళ్ళు వేడి దేశాలకని 74 డిగ్రీలకు తెరుచుకునేదాన్ని విడిగా ఇచ్చారు. మామూలుగా వాడేది 82, చలి దేశాలకు 88. అంటే మన ఎండల గురించి వాళ్ళూ ఆలోచించారు. అది లేకపోతే ఇంజిన్ సరిగ్గా వేడెక్కడానికే చాలాసేపు పడుతుంది, ఆలోపు పెట్రోలు తాగుతుంది, లోపల అరుగుదల పెరుగుతుంది. పైగా థర్మోస్టాట్ లేని బండికి ఎలక్ట్రిక్ ఫ్యాన్ పెట్టి, వేడి చూపించే మీటర్ సూది కింద పడుకుని ఉందని మురిసిపోయేవాళ్ళు మా పాత కార్ల వాట్సాప్ గ్రూపులో బోలెడు మంది. సూది ఉండాల్సిన చోట ఉండాలి గానీ కింద పడుకుంటే గొప్పేముంది?

సరే, మా బావగారి కథ. ఆయనదీ మార్క్ 2నే, మీ లాగే ట్రాఫిక్‌లో పొంగేది. ఎలక్ట్రీషియన్ ఒకాయన ఇనుప ఫ్యాన్ తీసేసి, ఓ పాత మారుతి ఫ్యాన్ తెచ్చి బిగించాడు. ఎక్కువ కరెంటు బరువు స్విచ్ మీద పడకుండా మోసే రిలే లేదు, వేడిని బట్టి పనిచేసే స్విచ్ లేదు. వైరు తిన్నగా లాక్కొచ్చి డాష్‌బోర్డు కింద లైటు స్విచ్ లాంటి దానికి కలిపేశాడు. మనమే సూది చూసుకుని వేసుకోవాలి, ఆపుకోవాలి. పగటిపూట తిరిగినన్నాళ్ళూ బ్రహ్మాండంగా ఉంది. "చూశావుటోయ్, సూది కదిలితే ఒట్టు!" అనేవారు బావగారు. డైనమో సంగతేమిటండీ అంటే, "నువ్వు మరీ టెన్షన్ పడతావోయ్" అని కొట్టిపారేశారు.

ఇంతలో వాళ్ళ బాబాయిగారి మనవడి పెళ్ళి వచ్చింది. పెళ్ళికొడుకు అంబాసిడర్‌లో దిగితే ఫోటోలు అదిరిపోతాయని పిల్లలు పట్టుబట్టారు. ముందు జాలీ కనపడకుండా బంతిపూల దండలు కట్టారు, దాని మీద పేర్లు రాసిన థర్మకోల్ బోర్డు. రేడియేటర్‌కు గాలి వెళ్ళే దారే అది. ఆ మాట చెబితే ఫోటోగ్రాఫర్ నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూశాడు. ఈ ఫోటోల పిచ్చి గురించి ఇంకో రోజు రాస్తాను.

రాత్రి ముహూర్తం. మెహదీపట్నంలో బయల్దేరి సికింద్రాబాద్ వైపు హాలుకి వెళ్ళాలి. బావగారు డ్రైవింగ్, పక్కన నేను, నా ఒళ్ళో తాంబూలాల పళ్ళెం. వెనక నుదుట బాసికంతో పెళ్ళికొడుకు, అతనికి అటూ ఇటూ మా అక్క, వాళ్ళ అత్తగారు. మాసాబ్ ట్యాంక్ దాటేసరికి వాన మొదలైంది. లక్డీకాపూల్ దగ్గరికి వచ్చేసరికి ముందు ఒక్క బండీ కదలడం లేదు. హెడ్‌లైట్లు, వైపర్, ఫ్యాన్, అన్నీ ఆన్‌లో ఉన్నాయి. ఇంజిన్ మాత్రం ఐడిల్‌లో.

మీటర్ల దగ్గర, డైనమో కరెంటు ఇవ్వడం లేదని చెప్పే ఎర్ర లైటు మొదట మిణుకుమంది, తర్వాత నిలకడగా వెలిగింది. ముందున్న బస్సు వెనక రేకు మీద మా హెడ్‌లైటు వెలుగు తెలుపు నుంచి పసుపుకి, పసుపు నుంచి నారింజకి దిగుతోంది. వైపర్ ఒక్కో ఊపుకీ కాస్త కాస్త బద్ధకిస్తూ, ఆఖరికి సరిగ్గా బావగారి కళ్ళ ముందు నిలువుగా ఆగిపోయింది. హారన్ నొక్కితే జలుబు చేసిన మేక అరిచినట్టు వచ్చింది. ఫ్యాన్ మోత సన్నగిల్లుతోంది. స్విచ్ దగ్గర ప్లాస్టిక్ కాలుతున్న కంపు. "ఏమిటర్రా ఆ వాసన" అని అత్తయ్యగారు అడుగుతుండగానే ఇంజిన్ రెండు దగ్గులు దగ్గి ఆగిపోయింది. తాళం తిప్పితే టక్కుమని ఒక్క చప్పుడు, అంతే.

వెనక కారులోని పెళ్ళికొడుకు స్నేహితులు షేర్వాణీలు పైకెత్తి కట్టుకుని నీళ్ళలో దిగారు. లైట్లు, ఫ్యాన్ అన్నీ ఆపేయమన్నాను. వాళ్ళు తోస్తే సెకండ్ గేరులో అందుకుంది. కానీ ఫ్యాన్ లేకుండా అదే ట్రాఫిక్‌లో నిలబడితే ఏమవుతుంది? కాసేపటికే బంతిపూల సందుల్లోంచి ఆవిరి లేచింది. ఉడికిన బంతిపూల వాసన ఎలా ఉంటుందో ఆ రాత్రే తెలిసింది. చివరికి పెళ్ళికొడుకుని ఆటో ఎక్కించి పంపాం. ఆటో అతను ముందు ఒక రేటు చెప్పి, బాసికం చూశాక ఇంకాస్త పెంచాడు.

అందులో వింతేమీ లేదు, లెక్క వేస్తే తేలిపోతుంది. ఆ తరం డైనమో మహా అయితే 22 ఆంపియర్లు ఇస్తుంది, అదీ బండి పరిగెడుతున్నప్పుడు. ఐడిల్‌లో దాదాపు సున్నా. 55 వాట్ల బల్బులు రెండు వేస్తే 9 ఆంపియర్లు. ఇంజిన్‌లో స్పార్కు పుట్టించే కాయిల్‌కు 3 లేదా 4, వైపర్‌కు 2 లేదా 3, వెనక లైట్లూ మీటర్ల లైట్లూ కలిపి ఇంకో 2. దీని మీద ఫ్యాన్ ఒక 8 లాగిందనుకోండి, 25 దగ్గరికి చేరింది. ఫ్యాన్ తిరగడం మొదలుపెట్టే క్షణంలో ఇంకా చాలా ఎక్కువ లాగుతుంది. ట్రాఫిక్‌లో ఆగినంతసేపూ ఈ బరువంతా బ్యాటరీదే. విచిత్రం ఏమిటంటే ఎలక్ట్రిక్ ఫ్యాన్ అవసరం పడేదే ఆగి ఉన్నప్పుడు. 60 స్పీడులో వెళ్తుంటే వచ్చే గాలే చాలు.

బీ సిరీస్ కుటుంబంలోదే ఎంజీబీ అనే ఇంగ్లీషు స్పోర్ట్స్ కారు ఇంజిన్. దానికి ఆల్టర్నేటర్ 1967 చివర్లో వచ్చింది. ఎలక్ట్రిక్ ఫ్యాన్ పెట్టింది 1977 మోడల్‌తో. కంపెనీ వాడే ఆ వరస పాటించాడు, మనమెందుకు తలకిందులు చేయాలి? మారుతి 800కి ఎలక్ట్రిక్ ఫ్యాన్ ఉంది కదా అంటారు. అందులో ఇంజిన్ అడ్డంగా కూర్చుంటుంది, పుల్లీ పక్కకి తిరిగి ఉంటుంది, రేడియేటర్‌కు గాలి తోలాలంటే మోటారు తప్ప దారి లేదు. దానికి తగ్గ ఆల్టర్నేటరూ ఉంది. ఇక అమెరికా వాళ్ళ వీడియోలు చూసి ఫ్యాన్ తీసేస్తే పవర్ పెరుగుతుందనే వాళ్ళకో దండం. వాళ్ళవి అయిదు లీటర్ల వీ8 ఇంజిన్లు. మనది 1489 సీసీ, 50 హార్స్‌పవర్ దగ్గర. మిగిలేదేముంది?

బావగారి బండి మర్నాడే రేడియేటర్ షెడ్డుకి వెళ్ళింది. పై ట్యాంకు టంకం విప్పి చూస్తే సగం గొట్టాలు సుద్దముక్కల్లా బిగుసుకుపోయి ఉన్నాయి. రాడ్లు పెట్టి పొడిపించి, పాత ఇనుప ఫ్యానే తిరిగి బిగించి, బెల్టు సరిచేసి, థర్మోస్టాట్ పెట్టించాం. ఆ ఎండాకాలం సూది నడిమధ్య దాటలేదు. ఒక్క బండి చూసి చెబుతున్నానని అనుకున్నా సరే, మీ బండిదీ ఇదే జబ్బని పందెం కాస్తాను.

ఇవన్నీ చేయించాక కూడా పెట్టించాలనే ఉంటే పెట్టించండి. ఐడిల్‌లో ఇనుప ఫ్యాన్ నెమ్మదిగా తిరుగుతుంది, ఇప్పటి సిటీ ట్రాఫిక్‌లో అది ఇబ్బందే, కాదనను. మొదట బ్యాటరీ ప్లస్ బాడీకి కలిసిందా, మైనస్ కలిసిందా చూసుకోండి. చాలా పాత ఇంగ్లీషు బళ్ళలో ప్లస్సే ఎర్త్. అది చూసుకోకుండా కలిపితే ఫ్యాన్ ఉల్టా తిరుగుతుంది, ఆల్టర్నేటర్‌లో డయోడ్లు కాలిపోతాయి. ఆల్టర్నేటర్ వేశాక, డైనమో కరెంటును అదుపు చేసే పాత కటౌట్ బాక్సును వైరింగ్‌లోంచి తప్పించాలి. ఫ్యాన్ రేడియేటర్‌కు ఇంజిన్ వైపు ఉండి గాలిని లాగేలా ఉంటే మేలు. ముందువైపు పెట్టి తోసే రకం వచ్చే గాలికే అడ్డం. ప్లాస్టిక్ ట్యాగులు రేడియేటర్ కోర్‌లోంచి దూర్చి కట్టేస్తారు కొందరు, ఒప్పుకోకండి. అదురుకి కొన్నాళ్ళకు గొట్టం కోసుకుపోతుంది. ఇనుప పట్టీలతో ఫ్రేము చేయించి పక్క బోల్టులకు బిగించమనండి.

రిలే పిన్నుల పక్కన అంకెలు ఉంటాయి. కరెంటు బ్యాటరీ దగ్గర నుంచి ఫ్యూజు దాటి రిలే 30కి రావాలి, 87 నుంచి ఫ్యాన్‌కి వెళ్ళాలి. 86కి ఇగ్నిషన్ వైరు. 85 టెంపరేచర్ స్విచ్ గుండా ఎర్త్‌కి. ట్యాంకు ఇత్తడిదే కాబట్టి షెడ్డు అతను స్విచ్ కోసం ఒక బుష్ టంకం వేసి ఇస్తాడు. థర్మోస్టాట్ 82ది అయితే ఫ్యాన్ 92 దగ్గర తిరిగే స్విచ్ తీసుకోండి. రెండూ ఒకే అంకె దగ్గర ఉంటే ఫ్యాన్ ఆగమన్నా ఆగదు.

ఇనుప ఫ్యాన్ వాటర్ పంపు పుల్లీకి నాలుగు బోల్టులతో ఉంటుంది. అది తీసినా బెల్టు ఉండాల్సిందే, పంపునీ ఆల్టర్నేటర్‌నీ తిప్పేది అదే. తీసిన రెక్కలూ బోల్టులూ మెకానిక్‌కు వదిలేయకండి, సాయంత్రానికల్లా పాత ఇనుప సామాను వాడికి చేరతాయి. గోనెగుడ్డలో చుట్టి, సరిపోయే ఇంచి పానాతో సహా డిక్కీలో పడేసి ఉంచండి. దారిలో మోటారు కాలిపోతే అక్కడే బిగించుకుని ఇంటికి వచ్చేయొచ్చు.