మూడుసార్లు ఓడాక గెలుపు ఎలా?

ప్రశ్న: శాన్‌ఫ్రాన్సిస్కోలో గే హక్కుల ఉద్యమకారుడు హార్వీ మిల్క్ ఎన్నికల్లో మూడుసార్లు ఓడిపోయి కూడా చివరికి ఎలా గెలిచాడండీ? జనం మారారా, ఆయన మారాడా?

జవాబు: ఆయన కొంచెం మారిన మాట నిజమే, కానీ అసలు మారింది ఎన్నికల పద్ధతి. క్యాస్ట్రో వీధిలో కెమెరా షాపు నడుపుకునే ఈయన 1973లో నగర సూపర్వైజర్ పదవికి (మన కార్పొరేటర్ లాంటిదే అనుకోండి) పోనీటెయిల్‌తోనే నిలబడి ఓడాడు, 1975లో జుట్టు కత్తిరించుకుని వచ్చినా ఓటమే, 1976లో రాష్ట్ర అసెంబ్లీకి దిగితే డెమోక్రటిక్ ప్రైమరీలోనే (పార్టీ అభ్యర్థి ఎవరో తేల్చే ఎన్నిక) ఆర్ట్ ఆగ్నోస్ చేతిలో నాలుగు వేల లోపు ఓట్ల తేడాతో పోయింది. పాపం, అదే బాగా దగ్గరగా వచ్చింది. అప్పటిదాకా సూపర్వైజర్లను ఊరంతా కలిసి ఎన్నుకునేది, సొంత పేటలో ఎన్ని ఓట్లు పడ్డా మిగతా ఊరు ముంచేసేది. 1977లో వార్డులవారీగా ఎన్నికలు పెట్టేసరికి పేట ఓట్లే సరిపోయాయి. పదవిలో మాత్రం ఏడాది కూడా లేడు, 1978 నవంబర్ 27న సిటీ హాల్లోనే కాల్చి చంపారు.